బొగ్గుపులుసు వాయువును ఎక్కడ పట్టాలి, ఎక్కడ దాచాలి: హైదరాబాద్ నుంచి చూస్తే

ఉప్పల్ వైపు మా అపార్ట్‌మెంటు వెనుక రెండేళ్ల క్రితం బోరు బండి పెట్టించినప్పుడు, 1,100 అడుగులు దిగేదాకా పైకి వచ్చింది ముగ్గుపిండి లాంటి బూడిదరంగు పొడి మాత్రమే. నాలుగు వందల అడుగుల దగ్గర ఒక పగులు తగిలి కాస్త తడి కనిపించింది గానీ, గంట తిరిగేసరికి అదీ ఆరిపోయింది. హైదరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు. దానిలో నీరు నిలిచేది పగుళ్లలోనే గాని రాతిలో కాదు. నీటికి చోటివ్వని రాయి బొగ్గుపులుసు వాయువుకూ, అంటే కార్బన్ డై ఆక్సైడుకూ, చోటివ్వదు. థర్మల్ కేంద్రాల పొగ నుంచి కార్బన్ డై ఆక్సైడును వేరుచేసి భూగర్భంలో దాచే పద్ధతుల గురించి మన దగ్గర జరిగే చర్చ ఎప్పుడూ యంత్రం దగ్గర మొదలై, ఏ ద్రావణం మేలు, ఎంత విద్యుత్తు ఖర్చవుతుంది అన్న ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది. ఈ ఎంపిక తిరగేసి జరగాలన్నది నా అభిప్రాయం. ముందు రాయి, తర్వాత గొట్టం, ఆ రెండూ కుదిరాకే యంత్రం.

ఈ పోలిక ముఖ్యంగా తెలంగాణనూ, పక్కనున్న కోస్తా జిల్లాలనూ దృష్టిలో పెట్టుకుని రాసినది. రామగుండం, కొత్తగూడెం, మణుగూరు, జైపూర్, దామరచర్ల థర్మల్ కేంద్రాలు, కృష్ణ ఒడ్డున మేళ్లచెరువు, హుజూర్‌నగర్ పరిసరాల సిమెంటు కర్మాగారాలు, రామగుండం యూరియా కర్మాగారం, ఇవన్నీ కార్బన్ డై ఆక్సైడును వదులుతున్నా, వీటన్నిటికీ ఒకే మందు పనిచేయదు. పరిశ్రమలో ఉన్నవారికీ, విధానాల మీద చదువుకుంటున్నవారికీ, రేపు తమ మండలంలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే వెళ్లి ప్రశ్న అడగదలచినవారికీ ఇది అక్కరకు రావాలని ఆశిస్తున్నాను.

ముందు రాయి

కార్బన్ డై ఆక్సైడుకు 31 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, సుమారు 74 బార్ల పీడనం ఒక గడప. ఆ గడప దాటాక అది వాయువులా వ్యాపిస్తూనే ద్రవంలా చిక్కబడుతుంది. భూమిలో సుమారు 800 మీటర్ల లోతుకు వెళ్లేసరికి సహజంగానే ఈ స్థితి కుదురుతుంది కాబట్టి, నేలపైన ఐదు వందలకు పైగా ఘనపు మీటర్లు ఆక్రమించే ఒక టన్ను వాయువు అక్కడ ఒకటిన్నర ఘనపు మీటర్లలో ఒదిగిపోతుంది. లోతు ఒక్కటే చాలదు. వాయువు దూరడానికి రాతిలో సూక్ష్మ రంధ్రాలుండాలి, అవి ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి, పైన మూతలా పనిచేసే బంకరాతి పొర పగుళ్లు లేకుండా పరచుకుని ఉండాలి. దించిన వాయువు మొదట ఆ మూత కింద ఆగుతుంది, తర్వాత కొంత రంధ్రాల్లో చిక్కుకుపోతుంది, కొంత ఉప్పునీటిలో కరుగుతుంది, ఏళ్లూ శతాబ్దాలూ గడిచేకొద్దీ కొంత ఖనిజంగా మారుతుంది. నీటిలో కరగడమంటే ఏమిటో గోలీసోడా తాగిన ప్రతివారికీ తెలుసు. గోలీ నొక్కగానే బుస్సుమని పైకి వచ్చేది, పీడనం తగ్గగానే నీటిని విడిచిన ఆ వాయువే. భూగర్భంలో ఆ గోలీని ఎవరూ నొక్కకుండా చూసుకోవడమే నిల్వ ఇంజనీరింగు అంతా.

నీతి ఆయోగ్ 2022 నవంబరులో వెలువరించిన నివేదిక మన దేశంలో సిద్ధాంతపరంగా 395 నుంచి 614 గిగాటన్నుల (ఒక గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు) నిల్వకు చోటుందని లెక్కగట్టింది. అందులో సింహభాగం ఉప్పునీటి ఇసుకరాతి పొరలదీ, బసాల్టుదీ. చమురు క్షేత్రాలూ, తవ్వలేని బొగ్గు పొరలూ కలిపినా ఏడు గిగాటన్నుల దగ్గరే ఆగుతాయి. ఇక్కడ సిద్ధాంతపరంగా అన్న మాటను చదివేవారు మింగేయకూడదు. బావి తవ్వి, వాయువు దించి చూసేవరకు ఈ అంకెలు పొలం కొలవకముందే చెప్పిన దిగుబడి వంటివి.

మన ప్రాంతానికి అందుబాటులో ఉన్న రాళ్లు మూడు. మొదటిది పడమటి దక్కన్ బసాల్టు, అంటే వికారాబాద్, జహీరాబాద్‌ల నుంచి మహారాష్ట్ర అంతటా పరచుకున్న నల్లరాయి. రెండవది గోదావరి లోయలో, సింగరేణి గనులున్న ప్రాణహిత గోదావరి బేసిన్‌లోని గోండ్వానా ఇసుకరాయి. మూడవది కృష్ణా గోదావరి బేసిన్, అంటే డెల్టా నేల కిందా, సముద్రం అడుగునా కిలోమీటర్ల మందాన పేరుకున్న అవక్షేప శిలలు.

బసాల్టు మీద అందరికీ మోజు ఎక్కువ, ఆ మోజుకు కారణమూ ఉంది. వికారాబాద్ వైపు నుంచి తెచ్చుకున్న పిడికెడంత నల్లరాయి ఒకటి నా బల్ల మీద ఉంది. దాని నిండా కందిగింజంత తెల్లని చుక్కలు. లావా చల్లారేటప్పుడు బుడగలు మిగిల్చిన గుంతల్లోకి తర్వాతి కాలంలో నీరు చేరి, ఖనిజాలను నింపి వెళ్లిపోయిన గుర్తులవి. ఒక్కో చుక్క మీద బాత్‌రూములు కడిగే ఆమ్లం ఒక బొట్టు వేసి చూశాను. కొన్ని కదలలేదు, కొన్ని బుసబుసమని నురగ కక్కాయి. కదలనివి జియోలైట్లు, నురగ కక్కినవి కాల్సైటు, అంటే రాతిలోని కాల్షియంతో కలిసి గట్టిపడిన కార్బన్ డై ఆక్సైడ్. 6.6 కోట్ల ఏళ్ల నాటి ఈ రాయి ఎవరూ చెప్పకుండానే చేసిన ఆ పనిని ఐస్‌లాండ్‌లోని హెల్లిషెయిది దగ్గర కార్బ్‌ఫిక్స్ బృందం 2012లో కావాలని చేయించింది. నీటిలో కరిగించి బసాల్టులోకి దించిన వాయువులో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారిందని 2016లో ఫలితాలు ప్రకటించింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వాలూలా వద్ద 2013లో సుమారు వెయ్యి టన్నులను కరిగించకుండా నేరుగా బసాల్టులోకి దించి చూశారు. మన ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు కూడా దక్కన్ బసాల్టును ఈ కోణంలో చాలాకాలంగా పరిశీలిస్తున్నారు.

అయినా ఈ రాయిని నేను మొదటి స్థానంలో పెట్టను. పడమటి కనుమల్లో కిలోమీటరుకు మించి మందమున్న బసాల్టు తూర్పుకు వచ్చేకొద్దీ పలచబడుతుంది. లాతూరు జిల్లా కిల్లారి దగ్గర తవ్విన బావిలో దాని మందం 338 మీటర్లే అని తేలింది. మనకు దగ్గరగా ఉన్న అంచుల్లో 800 మీటర్ల లోతు నియమం బసాల్టులో కుదరదు, కాబట్టి ఐస్‌లాండ్ తరహాలో నీటిలో కరిగించి దించడమే మిగిలే దారి. దానికి ఒక టన్ను వాయువుకు సుమారు 25 టన్నుల నీరు కావాలి. 70 శాతం లోడుతో నడిచే 800 మెగావాట్ల యూనిట్ ఒకటి రోజుకు సుమారు 12 వేల టన్నుల వాయువు వదులుతుంది. అందులో 90 శాతం పట్టి ఈ పద్ధతిలో దించాలంటే రోజుకు 27 కోట్ల లీటర్ల నీరు, అంటే మనిషికి 135 లీటర్ల లెక్కన 20 లక్షల మందికి సరిపడే నీరు కావాలి. కొంత నీటిని తిరిగి తోడుకోవచ్చన్నా, జహీరాబాద్ చెరకు రైతుకు ఈ లెక్క చెప్పి ఒప్పించగల అధికారి ఉంటాడని నేననుకోను. పైగా 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున హైదరాబాద్‌లో మంచాలు ఊగిన సంగతి ఒక తరానికి ఇంకా గుర్తుంది. ఆ కిల్లారి భూకంప కేంద్రం ఈ బసాల్టు కిందే ఉంది. జలాశయం నిండిన తర్వాత 1967 డిసెంబరులో కొయ్నా దగ్గర వచ్చిన 6.3 తీవ్రత భూకంపం కూడా నీటి పీడనం పాత పగుళ్లను ఎలా కదిలిస్తుందో చూపింది. ఇవన్నీ బసాల్టును పూర్తిగా తోసిపుచ్చే కారణాలు కావు. మందం బాగా ఉన్న చోట, మహారాష్ట్ర లోపల, ఒక ప్రయోగ బావికి డబ్బు పెట్టడం సబబే. మన కర్మాగారాల ప్రణాళికను మాత్రం దాని మీద ఆనించలేము.

గోదావరి లోయ ఇసుకరాయికి ఒక పెద్ద ఆకర్షణ ఉంది. రామగుండం, జైపూర్ కేంద్రాలు దాదాపు దాని నెత్తినే కూర్చున్నాయి, గొట్టం ఖర్చు నామమాత్రం. కానీ పైన గనులు, వేలకొద్దీ అన్వేషణ బోర్లు, ఊళ్లు తాగే భూగర్భజలం ఉన్నాయి. ఒక్క పాత బోరు సరిగా మూయకపోయినా మూతరాయికి చిల్లు పడినట్టే. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రత భూకంపం, 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రత భూకంపం వచ్చింది ఈ లోయలోనే. రెండవది హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కూడా తెలిసింది. ఇక్కడ లోతైన పొరల సమాచారం సేకరించడానికి ఒక పరీక్ష బావి తవ్వడం తప్పుకాదు, తవ్వకముందే నిల్వ కేంద్రమని బోర్డు పెట్టడం తప్పు.

సింగరేణిలో తవ్వలేనంత లోతున ఉన్న బొగ్గు పొరల్లోకే వాయువును దించి, అక్కడి మీథేనును బయటికి తెచ్చుకోవచ్చన్న ఆలోచన కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంటుంది. కార్బన్ డై ఆక్సైడును పీల్చుకున్న బొగ్గు ఉబ్బి తన దారులను తానే మూసుకుంటుంది. పరిశోధనకు బాగుంటుంది, అంతే.

ఇక కృష్ణా గోదావరి బేసిన్. నా ఓటు దీనికే. చమురూ సహజవాయువూ లక్షల ఏళ్లు కదలకుండా నిలిచాయంటేనే మూతరాళ్లు పనిచేస్తున్నాయని అర్థం. దశాబ్దాలుగా తవ్విన బావుల వల్ల ఏ లోతులో ఏ పొర ఉందో ముందే తెలుసు. సముద్రం అడుగున నిల్వ చేస్తే పైన ఊరు ఉండదు, తాగునీరు ఉండదు. దీనికి ప్రపంచంలోనే పాత ఉదాహరణ నార్వే. 1991లో కర్బన పన్ను వేసిన ఆ దేశంలో, స్లైప్నర్ క్షేత్రం 1996 నుంచి ఏటా పది లక్షల టన్నుల స్థాయిలో వాయువును ఉత్తర సముద్రం అడుగున ఉత్సిరా ఇసుకరాతి పొరలోకి దించుతూ వచ్చింది. భూకంప తరంగాలతో తీసిన చిత్రాల్లో ఆ వాయువు మూత కింద ఎలా పరచుకుంటున్నదో ఏళ్ల తరబడి చూడగలిగారు. పన్ను లేకపోతే ఆ ప్రాజెక్టు పుట్టేది కాదన్నది కూడా మరవకూడదు.

అన్నిచోట్లా ఇలా సాఫీగా సాగలేదు. అల్జీరియాలోని ఇన్ సలాహ్‌లో 2004లో మొదలైన నిల్వను మూతరాయి మీద అనుమానాలు వచ్చి 2011లో ఆపేశారు. ఆస్ట్రేలియాలోని గోర్గన్‌లో 2019లో మొదలైన నిల్వ అనుకున్న లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. అమెరికాలోని డెకేటర్‌లో పరిశీలన బావి గొట్టం తుప్పుపట్టి వాయువు అనుమతించిన పొర దాటిందని 2024లో బయటపడింది. మూడింటిలోనూ పట్టే యంత్రాల కంటే నేల కింది సంగతులే ఇబ్బంది పెట్టాయన్నది గమనించవలసిన విషయం.

పాత చమురు క్షేత్రంలోకి దించి మిగిలిన చమురును పిండుకోవడం కూడా ఒక ఎంపికే. అమ్ముకోవడానికి చమురు వస్తుంది కాబట్టి బ్యాంకులకు ఇది నచ్చుతుంది. టెక్సాస్‌లోని పెట్రా నోవా 2017లో ఈ ధీమాతోనే మొదలై, చమురు ధర పడిపోయిన 2020లో ఆగిపోయి, 2023లో మళ్లీ లేచింది. అలా వచ్చిన చమురు కూడా ఎక్కడో మండి పొగ అవుతుంది. దాన్ని లెక్కలోంచి తీసేసి చూపించే ప్రతిపాదనను ఆ కారణంతోనే వెనక్కి పంపవచ్చు.

తర్వాత గొట్టం

రామగుండం నుంచి కాకినాడ తీరానికి వంకర టింకరలు లేకుండా గీత గీసినా మూడు వందల యాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. మేళ్లచెరువు నుంచి మచిలీపట్నం తీరానికి నూటయాభై కిలోమీటర్ల పరిసరాల్లో ఉంటుంది. ఈ ఒక్క తేడా చాలా ఎంపికలను తేల్చేస్తుంది. కృష్ణ వెంట చూస్తే దామరచర్లలోని 4,000 మెగావాట్ల కేంద్రం, హుజూర్‌నగర్, మేళ్లచెరువు, జగ్గయ్యపేట సిమెంటు కర్మాగారాలు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం దాదాపు ఒక వరుసలో ఉన్నాయి. ఒక్కో కర్మాగారం తన గొట్టం తానే వేసుకోబోతే ఏదీ గిట్టుబాటు కాదు. అందరూ కలిసి వాడుకునే ఒకే గొట్టమైతే ఖర్చు పంచుకోవచ్చు. గోదావరి వైపు కేంద్రాలకు ఈ సౌకర్యం లేదు.

గొట్టంలో వెళ్లే వాయువును బాగా ఆరబెట్టి, అధిక పీడనంతో చిక్కబరచి పంపాలి. తేమ మిగిలితే అది కార్బోనిక్ ఆమ్లమై ఉక్కును తినేస్తుంది. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని సటార్షియా ఊరి దగ్గర 2020 ఫిబ్రవరి 22న వానలకు నేల జారి ఇలాంటి గొట్టం పగిలింది. వాయువు మండలేదు, ఎందుకంటే అది మండదు. గాలి కంటే బరువైనది కాబట్టి పల్లంలోకి పాకింది. కార్ల ఇంజన్లు ఆగిపోయాయి, 45 మంది ఆసుపత్రికి చేరారు, సుమారు రెండు వందల మందిని ఊరు దాటించారు. కోనసీమవాసులకు గొట్టం అనగానే 2014 జూన్ నాటి నగరం గ్రామం పేలుడు గుర్తుకొస్తుంది, బావి అనగానే 1995లో పాశర్లపూడి దగ్గర అరవై ఐదు రోజులు మండిన మంట గుర్తుకొస్తుంది. వారి భయానికి ఇది మండే వాయువు కాదు అన్నది సమాధానం కాదు. గొట్టం ఊరికి ఎంత దూరంగా పోతుంది, ఎన్ని కిలోమీటర్లకు ఒక వాల్వు ఉంది, వాసన రాని వాయువు కారితే రాత్రి రెండు గంటలకు ఊరిని ఎవరు లేపుతారు అన్న మూడింటికీ కాగితం మీద జవాబు ఉన్న ప్రతిపాదనే పరిశీలనకు అర్హమైనది.

చివర యంత్రం

పొగ నుంచి వాయువును వేరుచేయడం కొత్త విద్యేమీ కాదు. రామగుండంలో 1980 నుంచి 1999 వరకు నడిచిన పాత ఎరువుల కర్మాగారం బొగ్గును వాయువుగా మార్చి యూరియా చేసింది. ఇప్పుడున్న కొత్త కర్మాగారం సహజవాయువుతో నడుస్తోంది. అమ్మోనియా తయారీలో కార్బన్ డై ఆక్సైడును వేరుచేయడం రోజువారీ పని, ఆ వాయువే యూరియాలోకి వెళ్తుంది. అయితే చేలో చల్లిన యూరియా కరిగినప్పుడు అది మళ్లీ గాల్లోకే పోతుంది. వాడుకోవడం వేరు, దాచడం వేరు అని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

బొగ్గు కేంద్రానికి మూడు దారులున్నాయి. మండిన తర్వాత పొగను అమీన్ ద్రావణంతో కడగడం మొదటిది. పొగలో 12 నుంచి 14 శాతం ఉండే కార్బన్ డై ఆక్సైడును ఈ ద్రావణం 40, 50 డిగ్రీల దగ్గర పట్టుకుని, 120 డిగ్రీలకు వేడిచేసినప్పుడు వదిలేస్తుంది. ఆ వేడికి కావలసిన ఆవిరిని టర్బైన్ నుంచే తీయాలి. దానికి వాయువును నొక్కే కంప్రెసర్ల విద్యుత్తు కూడా కలిస్తే ఉత్పత్తిలో ఐదోవంతు నుంచి నాలుగోవంతు దాకా అక్కడికక్కడే ఖర్చవుతుంది. 800 మెగావాట్ల యూనిట్ 600 మెగావాట్ల యూనిట్ అవుతుందన్నమాట. కెనడాలోని బౌండరీ డ్యామ్ మూడవ యూనిట్ 2014లో ఈ పద్ధతితో మొదలైంది. ఉన్న కేంద్రానికి అమర్చుకోగలగడం దీని గొప్ప. మన దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. అమీన్ ద్రావణాన్ని గంధకపు పొగ పాడుచేస్తుంది, కాబట్టి సల్ఫర్ డయాక్సైడును పది పీపీఎం (పది లక్షల పాళ్లలో పది పాళ్లు) స్థాయికి తగ్గించాకే పొగను దానిలోకి పంపాలి. 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం దేశంలోని బొగ్గు కేంద్రాల్లో అధికభాగానికి గంధకాన్ని కడిగే ఎఫ్‌జీడీ యంత్రాల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఎఫ్‌జీడీయే పెట్టని కేంద్రం కర్బనాన్ని పడతానంటే, పునాది లేకుండా రెండో అంతస్తు గురించి మాట్లాడుతున్నట్టే.

రెండవది మండకముందే బొగ్గును వాయువుగా మార్చి కర్బనాన్ని వేరుచేయడం. పీడనం కింద, గాఢంగా దొరికే వాయువును పట్టడం సులువు. కష్టమంతా బొగ్గును వాయువుగా మార్చడంలోనే ఉంది. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. హైదరాబాద్‌లోని బీహెచ్ఈఎల్ పరిశోధన విభాగం అధిక బూడిద బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే ప్లాంటును నడిపి చూపింది, అది మెచ్చుకోవలసిన పనే. కానీ పావు టన్నుకూ పెద్ద విద్యుత్ కేంద్రానికీ మధ్య ఉన్న దూరం ఎంత ప్రమాదకరమో మిసిసిపీలోని కెంపర్ చూపింది. ఏడు వందల కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాక 2017లో అక్కడ బొగ్గు వాయువు మాటే విడిచిపెట్టి, సహజవాయువుతో నడుపుకున్నారు. పాత కేంద్రానికి ఇది అసలు అమరదు. ఎరువులు, మిథనాల్ చేసే కొత్త కర్మాగారానికైతే ఆలోచించవచ్చు.

మూడవది గాలికి బదులు ఆక్సిజనులో మండించడం. పొగలో నైట్రోజన్ లేకపోతే మిగిలేది ప్రధానంగా కార్బన్ డై ఆక్సైడు, ఆవిరి. ఆక్సిజన్ తయారీ విద్యుత్తును మింగుతుంది, పాత బాయిలర్ల సందుల్లోంచి లోపలికి దూరే గాలి ప్రయోజనాన్ని పోగొడుతుంది. సిమెంటు బట్టీలకు ముందుముందు పనికిరావచ్చు.

సహజవాయువు కేంద్రాల సంగతి ఒక మాటలో తేల్చవచ్చు. యూనిట్‌కు వాటి ఉద్గారం బొగ్గులో సగం కంటే తక్కువ, పొగలో వాయువు 3, 4 శాతమే కాబట్టి టన్నుకు పట్టే ఖర్చు ఎక్కువ, పైగా మన తీరంలో గ్యాసు దొరకడమే కష్టమైంది.

పట్టిన వాయువును దాచకుండా మిథనాల్ చేద్దామనేవారికి ఒక చిన్న లెక్క. ఒక టన్ను మిథనాల్‌కు సుమారు 190 కిలోల హైడ్రోజన్ కావాలి. నీటిని విడగొట్టి దాన్ని తయారు చేయడానికి పది వేల యూనిట్ల విద్యుత్తు అవుతుంది. ఆ మిథనాల్‌లో తిరిగి దొరికే శక్తి అయిదున్నర వేల యూనిట్లు. ఆ పది వేల యూనిట్ల విద్యుత్తును నేరుగా గ్రిడ్డుకు ఇస్తే అంతకు ఎన్నో రెట్ల బొగ్గు మిగులుతుంది. వింధ్యాచల్ థర్మల్ కేంద్రంలో 2022లో రోజుకు 20 టన్నులు పట్టే ప్లాంటు పెట్టారు. పని నేర్చుకోవడానికి అది సరైన పరిమాణమే, కానీ పైన చెప్పిన 12 వేల టన్నుల పక్కన పెట్టి చూసుకోవాలి.

మరి ఎవరికి ఏది?

ఇప్పుడు ఎంపికలు వాటంతట అవే విడిపోతాయి. ఇరవై అయిదేళ్లు దాటిన సబ్‌క్రిటికల్ (తక్కువ ఆవిరి పీడనంతో నడిచే పాత తరహా) యూనిట్లకు కర్బన సంగ్రహణ పెట్టడం ముసలి ఎద్దుకు వెండి కొప్పులు తొడగడమే. వాటి డబ్బును సౌరవిద్యుత్తు, నిల్వ బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజీలకు (నీటిని ఎత్తుకు తోడి, అవసరమైనప్పుడు దించి విద్యుత్తు తీసే కేంద్రాలకు) మళ్లించడం మేలు. టన్నుకు 4,000 రూపాయలే ఖర్చని ఉదారంగా అనుకున్నా, ఒక యూనిట్ విద్యుత్తుకు 0.8 కిలోల వాయువు పడితే ధర మీద 3 రూపాయల 20 పైసలు పడుతుంది. సౌరవిద్యుత్తు వేలంలో రెండున్నర రూపాయల పరిసరాల్లో పలుకుతున్నప్పుడు ఈ భారాన్ని ఏ డిస్కం మోస్తుంది?

రామగుండం పక్కన వచ్చిన కొత్త 800 మెగావాట్ల యూనిట్లకూ, దామరచర్లకూ నా సలహా వేరు. ఇవి ఇంకా పాతికేళ్లు నడుస్తాయి. ఇప్పుడే యంత్రం కొనమనడం తొందరపాటు, కానీ పొగగొట్టం పక్కన జాగాను ఖాళీగా ఉంచడం, ఆవిరి తీసుకునే వీలును టర్బైన్ మార్పుల్లో కలపడం, ఎఫ్‌జీడీని పూర్తి చేయడం ఇప్పుడే చేయాలి. రేపు గొట్టం వస్తే దామరచర్ల ముందుగా కలుస్తుంది.

అన్నిటికంటే ముందు వరుసలో నేను నిలబెట్టేది సిమెంటును. విద్యుత్తుకు బొగ్గు కాకుండా వేరే దారులున్నాయి, సున్నపురాయికి లేవు. కాల్షియం కార్బొనేటును కాలిస్తే సున్నంతో పాటు కార్బన్ డై ఆక్సైడు రావడం రసాయన ధర్మం. బట్టీని సూర్యరశ్మితోనే వేడిచేసినా ఆ వాయువు వస్తూనే ఉంటుంది, సిమెంటు ఉద్గారాల్లో సుమారు 60 శాతం దానిదే. బట్టీ పొగలో ఈ వాయువు బొగ్గు పొగ కంటే గాఢంగా ఉండటం ఇంకో అనుకూలత. నార్వేలోని బ్రెవిక్ సిమెంటు కర్మాగారం ఏటా 4 లక్షల టన్నులు, అంటే తన ఉద్గారంలో సుమారు సగం, పట్టే ప్లాంటును 2025 జూన్‌లో ప్రారంభించింది. ఆ వాయువు ఓడలెక్కి నార్తర్న్ లైట్స్ నిల్వకు చేరి, ఆగస్టులో సముద్రం అడుగుకు దిగడం మొదలైంది. ఇక్కడ కూడా ఒక వరుస పాటించాలి. ముందు క్లింకరును, అంటే బట్టీలో సున్నపురాయిని కాల్చి తీసే గడ్డలను, తగ్గించాలి, ఫ్లైయాష్ కలిపిన సిమెంటు, కాల్చిన బంకమట్టి కలిపిన సిమెంటు వాడకం పెంచాలి, ఆ తర్వాత మిగిలిన పొగకే యంత్రం పెట్టాలి. బొగ్గు కేంద్రాలు మూతపడేకొద్దీ ఫ్లైయాష్ కూడా తగ్గిపోతుందన్నది ఈ లెక్కలో ఎవరూ రాయని పంక్తి, అందుకే బంకమట్టి సిమెంటు మీద ఇప్పుడే శ్రద్ధ పెట్టాలి. ఐరోపా 2026 జనవరి నుంచి సిమెంటు, ఉక్కు దిగుమతుల మీద కర్బన సుంకాన్ని పూర్తిస్థాయిలో అమలులోకి తెచ్చింది, మన కర్బన క్రెడిట్ల మార్కెట్టుకు 2023లో నోటిఫికేషన్ వచ్చింది. అమెరికాలో 2022 చట్టం భూగర్భంలో దాచిన టన్నుకు 85 డాలర్ల పన్ను రాయితీ ఇచ్చింది. మన దగ్గర టన్నుకు ధర ఎంత నిలుస్తుందో తేలకుండా ఏ సిమెంటు యజమానీ చెక్కు రాయడు, రాయమని అడగడమూ న్యాయం కాదు.

ప్రతిపాదన చేతికి వచ్చినవారు మొదట తిప్పవలసింది చివరి పుటల్లోని బాధ్యత అధ్యాయానికి. వాయువు దించడం ముప్పై ఏళ్లు సాగవచ్చు, దాన్ని కనిపెట్టుకుని ఉండవలసిన కాలం అంతకంటే చాలా ఎక్కువ. ఐరోపా సమాఖ్య 2009 నాటి ఆదేశం ప్రకారం, బావి మూసిన తర్వాత సాధారణంగా కనీసం ఇరవై ఏళ్లు నిర్వాహకుడే బాధ్యుడు, వాయువు నిలకడగా ఉందని రుజువయ్యాకే బాధ్యత ప్రభుత్వానికి మారుతుంది. మన దేశంలో ఈ సంగతి తేల్చే ప్రత్యేక చట్టం ఇంకా లేదు. అది వచ్చేలోగా ప్రాజెక్టు అనుమతి పత్రంలోనే, మూసిన తర్వాతి పరిశీలనకు కావలసిన సొమ్మును మొదటి టన్ను దించకముందే విడిగా డిపాజిట్ చేయాలన్న షరతు ఉందో లేదో చూడాలి. లేకపోతే మిగతా పుటలు ఎంత బాగున్నా, ఆ ఫైలును వెనక్కి పంపమనే నేను చెబుతాను.